అరవై దాటిన మనలాంటివారు గోదావరి జిల్లాల్లో ఎక్కడ కలుసుకుంటారు?

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీ వయస్సు 61. భీమవరం దగ్గర పల్లెలో ఉంటున్నారు, బడిపంతులుగా పదవీ విరమణ చేశారు. మీ భార్యగారు పోయి రెండేళ్ళయింది, అమ్మాయి బెంగళూరులో ఉంటోంది. మగవారి మీద మీకున్న ఆకర్షణ కాలేజీ రోజుల నుండీ మీకు తెలుసు గాని, ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇప్పుడు మీరు జతను వెదకడం లేదు. నెలకొకసారైనా మీ ఈడువారితో కూర్చుని, ప్రతి మాటనూ జల్లెడ పట్టకుండా మాట్లాడుకునే చోటు మన జిల్లాల్లో ఉందా, ఉంటే ఊరివారి కంటబడకుండా అక్కడికి వెళ్ళిరావడం సాధ్యమా అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను. చోటు లేదు, మనుషులు ఉన్నారు. బోర్డు కట్టి, తలుపు తీసి మన కోసం ఎదురుచూసే గది ఏదీ రాజమండ్రిలోనూ లేదు, కాకినాడలోనూ లేదు. అయితే 2018 కార్తీకంలో నలుగురితో మొదలై ఇప్పుడు 14 మందిమైన మేము నెలకొక ఆదివారం ఎక్కడో ఒకచోట కలుస్తూనే ఉన్నాం. మాలో చిన్నవారికి 56 ఏళ్ళు, పెద్దాయనకు 78. ఇక రెండో ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు: కంటబడకుండా వెళ్ళడం సాధ్యం కాదు, ఆ ప్రయత్నం చేయకండి. కంటబడినప్పుడు చెప్పడానికి నిజమైన కారణం ఒకటి ఉండేటట్లు చూసుకోండి.

నా గురించి రెండు మాటలు చెబితేగాని ఈ మాట అనే అర్హత నాకు ఎక్కడిదో మీకు తెలియదు. నా వయస్సు 67. ధవళేశ్వరం పరిసరాల్లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. పెళ్ళి చేసుకోలేదు. "జాతకం కుదరలేదు" అనే మాట మా ఇంట్లో సుమారు 20 ఏళ్ళు పనిచేసింది, ఆ తరువాత అడిగేవారే పోయారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పిన రోజున, నలుగురం వేర్వేరు ఇళ్ళలో వేర్వేరు టీవీల ముందు కూర్చుని ఒకరికొకరం ఫోను చేసుకున్నాం. రెండు నెలలకు వచ్చిన కార్తీకంలో ఆ నలుగురమే మొదటిసారి కలిసి భోజనం చేశాం. అంతకుమించిన ముహూర్తం ఏదీ లేదు.

డెల్టా నగరం వంటిది కాదు. హైదరాబాదులో మనిషి జనంలో కలిసిపోగలడు. అక్కడివారు ఇచ్చే సలహాలు మంచివే గాని, వాటిలో సగం ఇక్కడ పనికిరావు. మన బస్సులో పక్కన కూర్చున్నవారు అడిగే మొదటి ప్రశ్న "ఏ ఊరండీ?", రెండోది "ఇంటిపేరేంటండీ?". ఆ రెండింటికీ జవాబు చెప్పారంటే, ధవళేశ్వరంలో బయలుదేరిన బస్సు వేమగిరి చేరేలోపు, వారి మేనత్తగారి తోటికోడలు మీకు వదిన వరస అవుతుందని తేలిపోతుంది. ఆప్యాయతతో అడిగే ప్రశ్నే అది, కాదనను. కాని మనలాంటివారికి దానంత ప్రమాదకరమైనది మరొకటి లేదు, ఎందుకంటే ఇంటిపేరుతోపాటు కులము, ఊరు, బంధుత్వము అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అందువల్ల మా గుంపులో ఉన్న మొదటి కట్టుబాటు ఇదే: ఎవరినీ ఇంటిపేరు అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. ఏడేళ్ళుగా కలుస్తున్నా, ఇద్దరు ముగ్గురి ఇంటిపేర్లు నాకు ఈనాటికీ తెలియవు. వారికి మోకాళ్ళ నొప్పి ఏ కాలికో, చక్కెర ఎంత ఉంటుందో, అల్లుడితో ఏ విషయంలో మాటామాటా వచ్చిందో మాత్రం తెలుసు.

కారణం సంగతి మేము దెబ్బ తిని నేర్చుకున్నాం. 2019 జనవరిలో తొమ్మిది మందిమి ఉత్సాహంగా పాపికొండలకు పడవ ఎక్కాము. బయలుదేరిన అరగంటకు మాలో ఒకరి వియ్యపురాలి తమ్ముడు కుటుంబంతో సహా అదే పడవలో కనిపించాడు. పాపం, మంచివాడే. పకోడీల పొట్లంతో వచ్చి మా మధ్య కూర్చుని "వీరంతా ఎవరు బావగారూ?" అని అడిగాడు. ఒకరు పెన్షనర్ల సంఘమన్నారు. అదే క్షణంలో ఇంకొకరు చిన్ననాటి స్నేహితులమన్నారు. మా మధ్య వయస్సు తేడా 18 ఏళ్ళు! పడవ గట్టుకు చేరేదాకా దిగే దారి లేదు, మైకులో పాటలు ఆగవు, ఆయన కళ్ళు మా మీద నుండి కదలవు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ సభ్యుడు ఆరు నెలలు మా ఫోను ఎత్తలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది పోయిన తరువాత పాపికొండల ప్రయాణం మేము మళ్ళీ తలపెట్టలేదు.

అప్పటి నుండి మేము అందరం ఒకే జవాబు చెబుతాం, ఆ జవాబు నిజం కూడా: మేము మొక్కలు, గుళ్ళు, నడక ఇష్టమున్న పెద్దవాళ్ళం, నెలకొకసారి తిరుగుతాం. అబద్ధమైతే ఒకరికి ఒకలా, మరొకరికి మరోలా వస్తుంది. నిజం చెబితే ఆ బాధ లేదు. అందుకే ప్రతి ప్రయాణంలోనూ మొక్కలో, గుడో, నడకో తప్పకుండా ఉండేటట్లు చూస్తాం.

ఈ లెక్కన మాకు అన్నింటికన్నా బాగా కుదిరిన చోటు కడియం నర్సరీలు. డిసెంబరు, జనవరి నెలల్లో కడియపులంక వైపు వెళితే బంతి, చేమంతి మడుల మధ్య ఎంతసేపు నడిచినా ఎవరూ ఎందుకని అడగరు. చెట్ల నీడ ఉంటుంది, కూర్చోవడానికి గట్లు ఉంటాయి, ఇద్దరిద్దరుగా విడిపోయి మాట్లాడుకుంటూ నడిచి మళ్ళీ ఒకచోట చేరడానికి వీలుంటుంది. తిరిగివచ్చేటప్పుడు ప్రతివారూ ఒక మొక్క కొనుక్కుని తీరాలని నియమం పెట్టాం. "పొద్దున్నే ఎక్కడికండీ?" "ఆయ్, కడియం, మొక్కలకండి." సాయంత్రం చేతిలో నందివర్ధనం కనిపిస్తుంది, ఇంకెవరికీ రెండో ప్రశ్న పుట్టదు. మా 78 ఏళ్ళ పెద్దాయన డాబా మీద ఇప్పుడు చోటు లేదట. కోడలు మాత్రం మామగారికి మొక్కల పిచ్చి పట్టిందని చుట్టాలందరికీ చెబుతోంది.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం మరొక మంచి చోటు, పొద్దున్నే వెళితే రద్దీ తక్కువ. కాకినాడ వైపువారికి కోరంగి మడ అడవిలో చెక్కల బాట బాగుంటుంది గాని, ఆదివారాలు పిల్లలతో వచ్చే కుటుంబాలు ఎక్కువ కనుక పనిరోజున వెళ్ళడం మేలు. పంచారామాల్లో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, మీ భీమవరం, మన చేతి దగ్గరే ఉన్నాయి. కార్తీక సోమవారాల్లో వాటి దరిదాపులకు కూడా పోకండి, మార్గశిరంలో వెళితే స్వామీ, మీరూ తప్ప ఎవరూ ఉండరు. చీకటి పడిన తరువాత రేవులు, పార్కులు మాత్రం వద్దు. మన వయస్సువారిలో కొందరికి ఆ చోట్ల పాత జ్ఞాపకాలు ఉంటాయి, కాని ఆ జ్ఞాపకాలతోపాటే పర్సులు పోగొట్టుకున్న కథలు కూడా ఉన్నాయి. యానాం ప్రయాణాలు కూడా మేము పెట్టుకోము. ఊరు మంచిదే, మందు చవక, చిక్కంతా అక్కడే.

నాకు సొంతంగా ఇష్టమైనది పంటు (మనుషులను, బళ్ళను ఏరు దాటించే పడవ) ప్రయాణం. నరసాపురం నుండి సఖినేటిపల్లికి గాని, కోటిపల్లి నుండి ముక్తేశ్వరానికి గాని పంటు మీద దాటేటప్పుడు ఇంజను చప్పుడుకు పక్కవాడి మాట తప్ప మూడోవాడి మాట వినపడదు. మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరికాయల బస్తాల మధ్య నిలబడి, నీళ్ళ వైపు చూస్తూ, ఒక సభ్యుడు 40 ఏళ్ళుగా ఎవరికీ చెప్పని విషయం నాకు చెప్పాడు. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ చెప్పమంటే చెప్పలేకపోయేవాడు. కొత్తవారిని నేను మొదట పంటు మీదనే కలవడానికి ఇదొక కారణం. వరదల రోజుల్లో పంటు ఆపేస్తారు కనుక ముందు కనుక్కుని బయలుదేరాలి.

ఇక కార్తీక వనభోజనం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సమాజం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. మన జిల్లాల్లో కార్తీకం వచ్చిందంటే ప్రతి కులానికీ ఒక వనసమారాధన, ప్రతి ఆఫీసుకూ ఒకటి, ప్రతి కాలనీకీ ఒకటి ఉంటాయి. కులపు సమారాధనకు వెళితే ఆ రోజంతా సంబంధాల మాటలే: ఎవరి అబ్బాయికి ఎంత జీతం, ఎవరి అమ్మాయికి ఏ నక్షత్రం. పెళ్ళికానివారు, పెళ్ళయినా లోపల ఒంటరిగా ఉన్నవారు అక్కడ విస్తరి ముందు కూర్చుని నవ్వుతూ ఉండడానికి ఎంత శ్రమ పడతారో మీకు వేరే చెప్పక్కరలేదు. మాది కోనసీమలో ఒక సభ్యుడి కొబ్బరితోటలో జరుగుతుంది. తోట చివర ఉసిరిచెట్టు ఒకటి ఉంది, దానికి పసుపు, కుంకుమ పెట్టి, కింద చాపలు పరుస్తాం. వంట మేమే చేసుకుంటాం, వంటమనిషిని పెడితే బయటివారు వచ్చినట్లే అవుతుంది.

రెండేళ్ళ క్రితం ఒక సభ్యుడు (రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాయన) స్టీలు క్యారేజీ నిండా ఆవపెట్టిన కంద బచ్చలి కూర చేసి తెచ్చాడు. అందరికీ తానే వడ్డించాడు, రెండోసారి అడగకుండానే వేశాడు. అన్నాలు తిన్న తరువాత చెప్పాడు: ఆ కూర తనది కాదు, తన స్నేహితుడిది. ఇద్దరూ 31 ఏళ్ళు ఒకే ఊళ్ళో, ఎదురెదురు వీధుల్లో ఉన్నారు, స్నేహితుడికి భార్యాపిల్లలున్నారు. స్నేహితుడు పోయినప్పుడు ఈయన పెదకార్యం నాడు వెళ్ళి, ఊరివారందరితోపాటు బంతిలో కూర్చుని తిని, "బాగా చూసుకోండమ్మా" అని వాళ్ళావిడకు చెప్పి వచ్చేశాడు. ఆ బంతిలో వేసిన కూర కూడా కంద బచ్చలేనట, అందులో ఆవ తక్కువైందట. అది చెప్పి నవ్వాడు. మేమెవరమూ ఓదార్చలేదు. ఒకరు లేచి క్యారేజీ అడుగున మిగిలిన కూర వేయించుకుని మళ్ళీ తిన్నారు. భర్త పోయిన ఇల్లాలికి ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఆయనకు మాత్రం ఆ పూట వరకు ఎవరూ రాలేదు.

ఇలాంటి పనికి జనం ఎక్కువ ఉండాలని అనుకోకండి. కలకత్తాలో 1999 జూలై 2న జరిగిన నడకను మన దేశంలో మొదటి ప్రైడ్‌గా (మనలాంటివారు దాచుకోకుండా వీధిలో కలిసి నడిచే ఊరేగింపు) చెబుతారు, దానిలో నడిచినవారు 15 మందే. న్యూయార్క్‌లో మనలాంటి వృద్ధుల కోసం 1978లో పుట్టిన సేజ్ అనే సంస్థ తొలినాళ్ళలో చేసిన పని, ఒంటరిగా ఉన్నవారి ఇళ్ళకు వెళ్ళి పలకరించి రావడం. పదిమందికి మించితే మా అనుభవంలో ఒక బల్ల చుట్టూ సంభాషణ కుదరదు, రెండు జట్లవుతుంది.

మేము చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి మూడేళ్ళలో మా దగ్గరికి ఒక్క స్త్రీ కూడా రాలేదు. ఆ మూడేళ్ళలో సగం కరోనాకే పోయిందనుకోండి, అయినా మన వైపు అలాంటి ఆడవారు బహుశా లేరేమో అని మేము అనుకున్నాం, పైకి కూడా అన్నాం. తరువాత పాలకొల్లు వైపు నుండి ఇద్దరు వచ్చారు. ఒకరు నర్సుగా పనిచేసి మానేసినవారు, ఒకరు మిషను కుట్టేవారు. ఊళ్ళో వారిని పెద్దమ్మ పిన్నమ్మల బిడ్డలనుకుంటారు. నర్సుగారు మొదటి రోజే నన్ను నిలదీశారు: "సాయంత్రం ఆరింటికి గోదావరి గట్టున కలుద్దామంటే ఏ ఆడది వస్తుందండీ? మీరు పిలిచింది మగవాళ్ళను, రానిది మేమా?" ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సమయము, చోటు మేమే ఎంచుకుని, రానివారు లేరనుకున్నాం. ఇప్పుడు మహిళల కలయిక వేరుగా, పనిరోజుల్లో పదకొండింటి నుండి మూడింటి వరకు, గుడిలోనో ఎవరో ఒకరి ఇంట్లోనో జరుగుతుంది, దానికి మగవారిని పిలవరు. ఇద్దరు స్త్రీలు ఒకరి ఇంటికి ఒకరు వెళితే ఊరు ఏమీ అనదు. ఆ ఒక్క విషయంలో వారికి మనకన్నా వెసులుబాటు ఉంది. చేతిలో డబ్బు, బయటికి వెళ్ళే స్వేచ్ఛ మాత్రం మనకున్నంత ఉండవు. కార్తీక భోజనానికి అందరం కలుస్తాం.

ట్రాన్స్ పెద్దవారి (పుట్టుకలో ఆడా మగా అని రాసినదానికి భిన్నంగా తమను తాము ఎరిగినవారి) విషయం ఇంకొక విధంగా ఉంటుంది. హిజ్రాల్లో గురువు, చేలాల (శిష్యుల) పద్ధతి వల్ల ముసలితనంలో చూసేవారు ఎవరో ఒకరు సాధారణంగా ఉంటారు. జమాత్‌లో (హిజ్రాల సమూహంలో) చేరక, ఇంట్లోనూ ఇమడక మధ్యలో మిగిలిపోయినవారికే కష్టమెక్కువ. 2003 తరువాత అవాహన్ వంటి హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాలు మన తీర ప్రాంతంలో నడిచిన రోజుల్లో డ్రాప్ ఇన్ సెంటర్లు ఉండేవి. మధ్యాహ్నం పూట కాసేపు పడుకోవడానికి, అద్దం ముందు కూర్చోవడానికి, క్యారమ్స్ ఆడుకోవడానికి అవి చాలామందికి ఏకైక చోటుగా ఉండేవి. అక్కడ పీర్ ఎడ్యుకేటర్లుగా (తమవారి మధ్యే తిరిగి ఆరోగ్య విషయాలు చెప్పేవారిగా) పనిచేసినవారు ఇప్పుడు మన ఈడుకు వచ్చారు, ఎవరెక్కడున్నారో వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అలా వచ్చిన ఒక ట్రాన్స్ మహిళను మేము మొదట పిలిచినప్పుడు మాలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు: ఆమె పక్కన ఉంటే అందరి చూపూ మన మీదే పడుతుందని. నాకూ లోపల అదే భయం ఉంది, నేను పైకి అనలేదు, అంతే తేడా. ఆమె వచ్చింది. ఇద్దరిలో ఒకరు మానేశారు, ఇంకొకరు ఏడాది తరువాత తిరిగివచ్చి ఇప్పుడు ఆమె లేకపోతే బస్సు ఎక్కనంటారు. ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో మహిళలతోపాటు ట్రాన్స్‌జెండర్ వారికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. కాబట్టి "నాకు చార్జీ లేదు, మీకు సగం కూడా తగ్గలేదు" అని ఆమె మమ్మల్ని ప్రతిసారీ వెక్కిరిస్తుంది.

డబ్బు సంగతి. మనిషికి 300 రూపాయలు దాటే ప్రయాణం మేము పెట్టుకోము. ఇవ్వలేనివారు ఇవ్వనక్కరలేదు. ఒక డబ్బా తిరుగుతుంది, ఎవరెంత వేశారో ఎవరూ చూడరు. చీటీలు, చేబదుళ్ళు, పార్టీ రాజకీయాలు, పెళ్ళి సంబంధాలు: ఈ నాలుగూ నిషేధం. మొదటి రెండింటి వల్ల ఇలాంటి గుంపులు విడిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పు ఎగ్గొట్టిన మనిషి చేతిలో మీ రహస్యం కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఒంటి సంగతి కూడా కుర్రవాళ్ళు రాసే సలహాల్లో ఉండదు. మాలో చాలామందికి చక్కెర ఉంది, ఒంటిగంటలోపు భోజనం పడాలి. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారు ముగ్గురు, మరుగుదొడ్డి లేని చోటికి రమ్మంటే వారు ఏదో సాకు చెప్పి మానేస్తారు, అసలు కారణం చెప్పరు. మెట్లు ఎక్కువున్న రేవులు మోకాళ్ళకు పడవు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకే తిరుగుతాం, ఎండాకాలంలో ఒకరింటి వసారాలో కూర్చుంటాం. ఇప్పుడైతే సాయంత్రం ఆరు లోపు అందరూ ఇళ్ళకు చేరాలి. ఆలస్యమైతే ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి.

ఫోను జాగ్రత్త. మా వాట్సాప్ గుంపుకు మొదట ఒకాయన, మనలాంటివారి గుర్తుగా వాడే ఇంద్రధనుస్సు బొమ్మ పెట్టాడు. ఒక సభ్యుడి మనవడు తాతగారి ఫోనులో ఆట ఆడుతూ "తాతా, ఈ రంగుల గ్రూపు ఏంటి?" అని వాళ్ళ నాన్న ముందే అడిగాడు. ఇప్పుడు ఆ గుంపు పేరు సమారాధన కమిటీ, బొమ్మ ఉసిరికాయ. సందేశాలు వారానికి వాటంతటవే చెరిగిపోయేటట్లు పెట్టుకున్నాం, ఫొటోలు గ్యాలరీలోకి రాకుండా మీడియా విజిబిలిటీ ఆపేశాం. కలయికల్లో ఫొటోలు తీయము. మనుషులను వెదకడానికి డేటింగ్ యాప్‌లు వద్దనే నా సలహా. మీరు జతను వెదకడం లేదన్నారు, అక్కడ ఇంకేదీ దొరకదు. పైగా ముసలివారిని గదికి పిలిచి, వీడియో తీసి బెదిరించే ముఠాలు ఉన్నాయి. మా సభ్యుడొకరు అలా 40 వేలు పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు మాతో పరిచయం లేదు, సలహా అడగడానికి ఎవరూ లేక అడిగినప్పుడల్లా ఇచ్చాడు.

అలాంటిది జరిగితే మీకు తెలియవలసింది ఇంతే: బెదిరించేవాడు "నీ మీద కేసు పెడతాను" అంటే అది ఉత్తమాట. 2018 తీర్పు సంగతి పైన చెప్పాను, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఒకప్పుడు మన సంబంధాలను నేరమన్న పాత 377 సెక్షనే లేదు. బెదిరించి డబ్బు గుంజడం మాత్రం అదే సంహితలోని 308 సెక్షను కింద నేరం. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ ఫోను 1930కి చేయాలి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకముందే మాలో ఎవరికో ఒకరికి చెప్పడం వీటన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే మొదటి రూపాయి ఇచ్చిన తరువాత వాడు వదలడు.

మీకు ఇప్పుడు జత లేదు కాబట్టి కాగితాల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి అంగీకరించలేదు. అయితే ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. మిషను కుట్టేవారు, నర్సుగారు ఆ కాగితం పట్టుకునే బ్యాంకుకు వెళ్ళి పని పూర్తి చేసుకున్నారు. స్వార్జితమైన ఆస్తిని వీలునామాలో ఎవరి పేరనైనా రాయవచ్చు.

కదలలేనివారి కోసం మేము చేసేది ఒకటుంది. ప్రతి సభ్యుడికీ ఒక జత మనిషి ఉంటాడు, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. రాకపోతే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు ఆ ఇంటికి "పాత స్నేహితుడిని చూసి పోదామని వచ్చాను" అంటూ వెళతారు. ఇలా వెళ్ళి, మెట్ల మీద జారిపడి ఉన్న ఒకాయనను గత చలికాలంలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఆసుపత్రిలో కుదుటపడిన తరువాత ఆయన మొదట అడిగింది, మేము వాళ్ళ అబ్బాయికి ఏమని పరిచయం చేసుకున్నామని. మొక్కల వాళ్ళమని చెప్పామంటే ఊపిరి పీల్చుకున్నాడు. జత మనిషి లేనివారికి ప్రభుత్వం వారి వయోవృద్ధుల సహాయ ఫోను 14567 ఉంది. అక్కడ మీ అంతరంగం చెప్పనక్కరలేదు, ఒంటరిగా ఉన్నానని చెబితే చాలు.

మీరు ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఒక్కసారిగా పద్నాలుగు మంది మధ్యకు రావద్దు, ఎవరికైనా బెదురే. ముందు నాకు సందేశం పంపండి, మూడు నాలుగు వారాలు ఫోనులో మాట్లాడుకుందాం. నచ్చకపోతే మానేయవచ్చు, నేను మళ్ళీ చేయను. నచ్చితే, సొంత ఊళ్ళో కాకుండా గోదావరి పాయ ఒకటి దాటి కలవాలన్నది మా పాత పద్ధతి. భీమవరంవారికి అది వశిష్ఠ. మీరు నరసాపురం రేవులో పంటు ఎక్కండి, అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో నేను ఉంటాను. నా భుజాన గళ్ళ తువ్వాలు, చేతిలో గొడుగు ఉంటాయి. పక్కవారు ఎక్కడికండీ అంటే అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని చెప్పండి, నిజంగానే దర్శనం చేసుకుందాం. అమ్మాయి ఫోను చేసి అడిగినా అదే చెప్పండి, ప్రసాదం కూడా ఇంటికి పట్టుకెళ్ళండి. ఆదివారం వద్దు, ఏదో ఒక బుధవారం పెట్టుకుందాం. గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఎనిమిది గంటలకల్లా పంటు ఎక్కేటట్లు బయలుదేరండి. సందేశంలో మీ పేరు ఒక్కటీ చాలు, ఇంటిపేరు రాయకండి.